పలుకుతుందా, మూలుగుతుందా

గోనెపట్టాలో చుట్టిన పెట్టెను అతను నా బల్ల మీద పెట్టాడు. పట్టా విప్పకముందే వాసన వచ్చింది. ఫైబర్ పడవలకి పూసే రెసిన్ వాసన అది, ఎండి ఏళ్ళయినా పోదు. నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ అలాగే ఆగిపోయింది.

"మామ పోయినాడన్నా," అన్నాడు అతను. ఎండకీ ఉప్పుకీ నల్లబడిన చేపల వేటగాడు. పడవల పెద్దాయన చెల్లెలి కొడుకు, ఆయనకి మిగిలిన ఒకే ఒక్క నెత్తుటి బంధువు. "కార్యాలన్నీ అయిపోయినాయి."

"నాకు కబురు పెట్టొద్దా అయ్యా?"

"నీ నెంబరు ఎవురి దగ్గరుండాది? మామ ఫోను వాడడు గదా."

ఫోను వాడి మాత్రం ఏం చేసుకుంటాడు అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నాకు మాట మింగడం అలవాటు లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ముత్తుకూరులో ఒక మూల జరిగింది ఇంకో మూలకి చేరాలంటే నా రిపేరు కొట్టు మీదుగా పోవలసిందే. అలాంటివాణ్ణి ఒకే ఒక్క సంగతి కడుపులో పెట్టుకున్నాను, ఆయన కోసం. ఆయన పేరు రాయను, పల్లె పేరూ రాయను. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే ఇసుకలో పల్లెలు చాలా ఉన్నాయి. అందులో ఏదో ఒకటి అనుకోండి.

ఆయన పడవలకి మాట్లు వేసేవాడు. ఫైబర్ పడవ రాయికి తగిలో, ఒడ్డున ఇంకో పడవ గుద్దో చీలుతుంది. ఆ చీలిక చుట్టూ కోసి, గాజునార మ్యాటు పొరలు పొరలుగా పరిచి, రెసిన్ పూసి, ఆరాక మిషనుతో రుద్ది నున్నగా చెయ్యాలి. ఆ రుద్దుడు మిషను చప్పుడు ఒక్క గంట వింటే చాలు, ఆ పూటంతా చెవిలో తేనెటీగలు తిరుగుతాయి. ఆయన బతుకంతా దాని పక్కనే కూర్చున్నాడు.

మాటు కుదిరిందో లేదో కంటికి తెలియదు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపలి పొర అతుక్కోకపోతే మాత్రం కెరటం కొట్టీ కొట్టీ ఒకనాడు నడిసముద్రంలో మాటంతా ఊడి వస్తుంది. ముందుగా పసిగట్టేది చెవి ఒక్కటే. ఆయన దగ్గర అరచేతిలో పట్టేంత చింతకర్ర సుత్తి ఉండేది. దానితో మాటు మీద మెల్లగా తట్టుకుంటూ పోయేవాడు. కుదిరిన చోట టక్కుమని పలుకుతుంది, కుదరని చోట బొళుక్కుమని మూలుగుతుంది. లోకంలో ఉన్న సమస్తాన్నీ ఆయన ఆ రెండు కుప్పలుగానే పోసేవాడు.

కొట్టుకి వస్తే చెప్పులు బయట విడిచేవాడు. నా కొట్టు నేల ఆయన చెప్పుల కంటే మురికిగా ఉండేది, అయినా విడిచేవాడు. రాగానే బల్ల మీద వేళ్ళతో తట్టేవాడు. తర్వాత టీవీ వీపు, తర్వాత గోడ. "నీ గోడ మూలగతా ఉండాది రేడియో. మేస్త్రీ సిమెంటు మింగినాడు," అనేవాడు. నన్ను రేడియో అనే పిలిచేవాడు. రేడియో విప్పి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు, ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మారలేదు. బజారులో పుచ్చకాయలవాడు ఆయన్ని చూస్తే దండం పెట్టేవాడు, బండి మీదున్న కాయలన్నీ తట్టి చివరికి ఒక్కటీ కొనకుండా పోతాడని. ఓట్ల కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన గంటసేపు ప్రసంగించి వెళ్ళాక, "పైన నునుపు, లోపల మూలుగు," అని తేల్చేశాడు. కనుబొమల వెంట్రుకలు రెసిన్ అంటుకుని ముళ్ళలా నిలిచేవి. చొక్కా విప్పి ఇసుకలో పెడితే దానంతటదే నిలబడేది.

ఆయనకి పిల్లల్లేరు. ఆయనా, భార్యా, పాటల పెట్టె. పెట్టె అంటే నేను కూర్చి ఇచ్చిన స్టీరియో ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు. పాటలు ఒక పెన్‌డ్రైవులో వేసిచ్చాను, ఎఫ్ఎం కూడా వస్తుంది. పాట లేనిదే పని ముట్టేవాడు కాదు. తట్టి చూసేటప్పుడు మాత్రం పాట ఆపేవాడు. తతిమ్మా వేళల్లో ఇంటి ముందు స్పీకర్లు మోగుతూనే ఉండాలి, లోపలినించి ఆమె "తగ్గించయ్యా సామీ!" అని కేకేస్తూనే ఉండాలి. పొద్దున ఇద్దరూ అలా అరుచుకోకపోతే పల్లెకి తెల్లారనట్టే ఉండేది.

ఆమె జ్వరంతో పోయింది. కొన్నాళ్ళకి ఆయన కొట్టుకి వచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. "తగ్గించమనే మనిషి పోయింది రేడియో. ఇప్పుడెంత పెట్టినా చాలడంలా," అన్నాడు. దిగులుతో అంటున్నాడనుకుని టీ తెప్పించాను. దిగులు నిజమే. మాట కూడా అక్షరాలా నిజమని అప్పుడు తెలియలేదు.

ఆ ఎండాకాలం, వేట ఆపేసి పడవలన్నీ ఒడ్డెక్కించిన రోజుల్లో, ఆంప్లిఫయర్ సంకలో పెట్టుకుని వచ్చాడు.

"పెంచితే ఆగిపోతా ఉండాది. తగ్గిస్తే పాడతాది. ఇదేం రోగం?"

సౌండు పెంచితే ఆగిపోయే ఆంప్లిఫయర్‌ని చూస్తే నాకు ముందు స్పీకరు వైర్ల మీద అనుమానం. విడి పోగు ఒకటి పక్కదానికి తగిలినా చాలు, గట్టిగా పాడబోయేసరికి గొంతు పట్టేస్తుంది. వైర్లు బిగించే కొసలు చూశాను, బాగానే ఉన్నాయి. ఒకే చోట ఎక్కువ స్పీకర్లు తగిలించాడా అని అడిగాను, లేదు. కరెంటు సరిగ్గా అందుతోందా, ట్రాన్స్‌ఫార్మర్ నీరసపడిందా అని మీటరు పెట్టి చూశాను, రాయిలా ఉంది. చివరికి నా స్పీకర్లకే తగిలించి సౌండు పూర్తిగా తిప్పి మధ్యాహ్నమంతా పాడించాను. ఆంప్లిఫయర్ ఆగలేదు కానీ, ఎదురుకొట్లో కుట్టుమిషను అక్క ఆగలేకపోయింది. కత్తెర పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. "అన్నా, నీకు దణ్ణం పెడతా. జాకెట్టు కొలత చెప్తే వినపడక చొక్కా కుట్టేస్తా ఉండా!"

బాగానే ఉందని పట్టుకెళ్ళాడు. మర్నాడే మళ్ళీ తెచ్చాడు. నా దగ్గర పాడింది, ఆయన ఇంట్లో ఆగిపోయింది. ఇలా తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. రోగిని చూసి లాభం లేదు, కాపురం చూడాలనుకుని ఆటో ఎక్కాను.

ఇంటి ముందు బల్ల మీద ఒక వింత పెట్టె కనిపించింది. తెల్లగా, నున్నగా, ముందు పలక దగ్గర తప్ప ఎక్కడా అతుకు లేకుండా. పడవకి వాడే మ్యాటూ రెసినూ పెట్టి ఆంప్లిఫయర్‌కి తొడుగు చేశాడు. ముందు వైపు సౌండు తిప్పే మరలు మాత్రమే బయటికి కనిపిస్తాయి. వెనక వైర్లు వచ్చేచోట కూడా రెసిన్ దట్టించాడు. నా దగ్గరికి తెచ్చినప్పుడల్లా ముందు పలక విప్పి ఆంప్లిఫయర్ ఒక్కటే బయటికి తీసి తెస్తున్నాడన్నమాట.

"ఇదేందన్నా?"

"ఉప్పుగాలికి. టీవీని అట్నే తినేసిందిగా. దీంట్లోకి చుక్క నీళ్ళు పోవు, సంద్రంలో ఏసినా తేలుద్ది."

"నీళ్ళు పోవు, సరే. మరి గాలి?"

"గాలి కూడా పోదు!" అన్నాడు, నేను మెచ్చుకున్నాననుకుని.

పొట్ట పట్టుకుని నవ్వాను. మరీ వేడెక్కితే కాలిపోకుండా దానంతటదే ఆగిపోయేట్టు లోపల ఒక చిన్న బిళ్ళ నేనే పెట్టాను. "నీ పెట్టె చెడిపోలేదన్నా, ఊపిరాడక మూర్ఛపోతా ఉంది," అని చెప్పి, ఆయన డ్రిల్లు తీసుకుని తొడుగు వెనక వరసగా చిల్లులు పెట్టాను. పెడుతున్నంతసేపూ ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తను చేసినదాంట్లో చిల్లి చూడలేకపోయాడు.

సౌండు పూర్తిగా తిప్పాను. కుక్కలు లేచి పోయాయి, నేను చెవులు మూసుకున్నాను. ఆగలేదు! ఆయన స్పీకరు పక్కన గొంతుక్కూర్చుని, చెక్క మీద అరచెయ్యి ఆనించి, "ఇంకొంచెం పెంచు," అన్నాడు.

"ఇంకేం పెంచేది? మర అయిపోయింది. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుందే నీ యవ్వారం!"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాసేపు నా మొహంలోకి చూసి లేచాడు. "రా రేడియో, ఒక ఆట చూపిస్తా."

ఒడ్డున పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. ఒకదాని దగ్గరికి తీసుకుపోయి, తనేసిన మాటు చూపించి, నా చేతిలో సుద్దముక్క పెట్టాడు. "నేను తడతా. పలికిందా మూలిగిందా నువ్వు చెప్పు. మూలిగిన కాడ గుండ్రం చుట్టు." చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాను. తన పనితనం చూపించుకుంటున్నాడనుకున్నాను. ఆయన తట్టాడు, నేను విన్నాను. "పలికింది, పలికింది, ఇదీ పలికింది," అని వరసపెట్టి చెప్పాను. "నీ చెవి మంచిది," అని బుజం తట్టి పంపించాడు.

మళ్ళీ కబురు వచ్చింది. పెట్టె ఆగిపోయిందట. పోయి చూస్తే, నేను పెట్టిన చిల్లులన్నీ రెసిన్‌తో మూసేసి ఉన్నాయి!

"మూయొద్దంటే మూస్తావేందన్నా!"

"చిల్లుంటే నాకు నిద్ర పట్టదు."

తిట్టుకుంటూ మళ్ళీ చిల్లులు పెట్టాను. పని అయ్యాక మళ్ళీ ఆట, ఈసారి ఇంకో పడవ మీద. ఆ ఎండాకాలమంతా అదే తంతు. మూస్తాడు, పిలుస్తాడు, తిడతాను, తెరుస్తాను, ఒక పడవ వింటాను.

ఇంతలో నా పరువు గంగలో కలిసింది. వేట లేని రోజులే పడవల రిపేర్ల రోజులు. ఆయనేమో, "పెట్టె బాగయ్యేదాకా నాకు చెయ్యాడదు," అని ఒక్క కొత్త పడవా ముట్టడం లేదు. పడవలవాళ్ళు నా కొట్టు మీదికి వచ్చారు. "ఏమయ్యా, ఒక్క పెట్టె బాగుచెయ్యలేవా? మా పడవలు ఎండకి నెర్రెలిస్తా ఉండాయి. చేతగాకపోతే చెప్పు, నెల్లూరు తీసకపోతాం!" తీసుకుపోతామంటే ఆయన ఇవ్వడు. రేడియో ఒక్కడే ముట్టాలంటాడు. నా గిరాకీలు కొందరు మిక్సీలు కూడా వేరే కొట్టుకి పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. ఏ ఊళ్ళోనైనా ఇంత అన్యాయం ఉంటుందా? రోగం కనిపెట్టింది నేను, బాగుచేసింది నేను, చేతగానివాడినీ నేనే!

తాడో పేడో తేల్చుకుందామని ఒకరోజు మండిపడుతూ పోయాను. నా మాట వినిపించుకోకుండా చెయ్యి పట్టుకుని ఒక పడవ దగ్గరికి లాక్కుపోయాడు. అది ఈ మేనల్లుడి పడవ, పోయిన చలికాలంలో ఆయనే మాటు వేసింది. తట్టాడు. నేను కోపంలో వినకుండానే, "పలికిందిలే, పలికింది," అన్నాను.

నా మణికట్టు పట్టుకున్నాడు. ఉడుంపట్టు. "సరిగ్గా విను! మనుషులు పోతారు దీంట్లో. నా చెల్లెలి కొడుకు పోతాడు."

మళ్ళీ తట్టాడు. ఈసారి విన్నాను. మూలిగింది. పక్కన తట్టాడు, అక్కడా మూలిగింది. అన్నం కంచమంత చోటు సుద్దతో చుట్టి తలెత్తాను. ఆయన పడవని చూడడం లేదు. నా పెదాలని చూస్తున్నాడు.

"అన్నా, నీకు వినపడలేదా?"

గట్టిగా అడగబోయాను. రెసిన్ చేత్తో నా నోరు మూశాడు.

"అరవమాక. ముందు పిట్టలు పోయినాయి రేడియో. తెల్లారి లేస్తే కాకుల్లేవు, పిచ్చికల్లేవు. తర్వాత సుత్తి పోయింది. తట్టినానని చెయ్యి చెప్తాది, ఏం మోగిందో చెవి చెప్పదు. పాట ఒకటే మిగిలుండాది, అది కూడా పెంచితేనే."

పల్లెలో చెప్పెయ్యమన్నాను. ఆయన అడ్డంగా తలూపాడు.

"ఏమని చెప్పేది? చెవిలేనోడు వేసిన మాట్లు ఇన్ని పడవలకి ఉండాయనా? ఇంక ఒక్కడన్నా ధైర్యంగా పోతాడా? బయంతో సంద్రం మీదికి పోగూడదబ్బయ్యా. తెడ్డు పట్టిన చెయ్యి వణికిందంటే నా మాటు ఊడినా ఒకటే, ఊడకపోయినా ఒకటే. నేనేసినయ్యన్నీ నీ చెవితో చూసుకుంటా వస్తా ఉండా. వేట మొదలయ్యేలోపల అయిపోవాల. కొత్తది ముట్టను. అందుకే పెట్టె బాగవగూడదు."

"మరి నా పేరో?"

"నీ పేరు చెడతాది. అది నిజమే," అన్నాడు. ఓదార్చలేదు కూడా. "నీ నోటి సంగతి నాకు తెలియకపోలేదు. అయినా నీకు గాక ఎవురికి చెప్పుకుందును? ఎవురుండారు నాకు?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నా కోపమంతా ఇసుకలో ఇంకిపోయింది. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను.

అప్పటికప్పుడే ఆయన మేనల్లుడి పడవ మాటు కోసేశాడు. మధ్యాహ్నం వల బాగుచేసుకుని తిరిగొచ్చిన కుర్రాడికి పడవలో కిటికీ అంత రంధ్రం కనిపించింది. మరి కాలదూ? పైకి నిగనిగలాడే మాటు, వేటకి పోయే రోజులు దగ్గరపడుతున్నాయి. "ఎందుకు కోసినావు మామా?" అని అరిచాడు. ఆయన "రంగు కుదరలా," అన్నాడు.

పల్లె పెద్దలు వలల పాకలో కూర్చున్నారు. నన్నూ పిలిచారు. తలా ఒక ప్రశ్న వేస్తున్నారు, కొందరు ఆయన వెనకనించి అడుగుతున్నారు. ఆయన ఒక నోటి నించి ఇంకో నోటికి చూపు తిప్పుకుంటున్నాడు. తిప్పేలోగా ఆ నోరు మూతపడుతోంది, వేరేచోట ఇంకోటి తెరుచుకుంటోంది. అడవిలో దారి తప్పిన మనిషిని చూసినట్టు అనిపించింది నాకు. చివరికి, ఎవరు ఏమడిగారో తెలియకుండానే, "పెట్టె బాగయినాక మాట్లాడతా," అన్నాడు. పాకలో ఉన్న కళ్ళన్నీ నా వైపు తిరిగాయి. నాలుక దురదపుట్టి చచ్చాను. తల దించుకున్నాను.

పెద్దలు దురాయి పెట్టారు. కోసిన మాటు తిరిగి వేశాక ఆయన సుత్తి వదిలెయ్యాలి, ఇక ఆయన చేతికి ఎవరూ పడవ ఇవ్వకూడదు. పల్లెలో దురాయి అంటే దాటరాని మాట. మేనల్లుడు అందరి ముందూ, "ఈయన నాకు మామ కాదు," అన్నాడు. అది మాత్రం ఆయన పెదాల మీద చదువుకున్నాడు.

ఆ మాటు వేసినంత శ్రద్ధగా ఆయన ఏ మాటూ వేసి ఉండడు. ఆరాక ఇద్దరం కూర్చుని తట్టాం, విన్నాం. అంతా టక్కుటక్కుమని పలికింది. నమ్మకుండా మొదటినించీ మళ్ళీ తట్టించాడు. మళ్ళీ పలికింది. సుత్తి తీసి ఇంటి చూరులో దోపాడు. "మంచిదే అయింది రేడియో. ఇంక పడవ ఒద్దనడానికి అబద్ధం చెప్పే పన్లా," అన్నాడు. వేట మొదలైన రోజు పడవలన్నీ నీళ్ళలోకి దిగి, సాయంత్రానికి అన్నీ తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడే ఉన్నాడు. తర్వాత ఇంటికొచ్చి నా చేతికి డ్రిల్లు ఇచ్చాడు. "ఇంక దీని నోరు తెరువు." తెరిచాను. మళ్ళీ ఎప్పుడూ మూయలేదు.

దక్షిణం వైపు నించి, తమిళం కలిపి మాట్లాడే మేస్త్రీ ఒకడు వచ్చి ఆయన జాగాలో కుదురుకున్నాడు. ఈయన ఇంటిముందు కూర్చునేవాడు. దారినపోయేవాళ్ళు పలకరించినా పలికేవాడు కాదు. ముసలాయనకి పొగరు తగ్గలేదన్నారు. పలకరించడం మానేశారు. పాటల కోసం పని మానుకున్న పిచ్చోడని పిల్లలకి చెప్పారు. మేనల్లుడు రోజూ వల బుజానేసుకుని ఆ ఇంటి ముందునించే పోయేవాడు, తల తిప్పేవాడు కాదు. ఈయన మాత్రం వాడు మలుపు తిరిగేదాకా చూసేవాడు. నేను చూశాను ఆ చూపు. ఎంత ఒంటరితనం అది! చూడలేక వచ్చేసేవాణ్ణి. మళ్ళీ నాలుగు రోజులకి మనసాగక పోయేవాణ్ణి.

చివరిసారి పోయినప్పుడు ఆంప్లిఫయర్ పూర్తి సౌండులో మోగుతోంది. ఆయన స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా నీడ పడితే కళ్ళు తెరిచాడు.

"మంచి పాట గదా రేడియో?"

ఎఫ్ఎంలో వంటనూనె ప్రకటన వస్తోంది. "మంచి పాటన్నా," అన్నాను, పెదాలు బాగా కదిలించి. ఆయన తలూపి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కన కూర్చుని ఆ ప్రకటన మొత్తం విన్నాను.

ఇప్పుడు ఆ పెట్టె, తొడుగుతో సహా, నా బల్ల మీద ఉంది. వెనక చిల్లులు తెరిచే ఉన్నాయి.

"ఒక్కటి చెప్పన్నా," అన్నాడు మేనల్లుడు. "దీనికోసం పని మానుకున్నాడు, నన్నూ పోగొట్టుకున్నాడు. మంచి పడవని ఎందుకు కోసినాడు? ఆ దినాల్లో ఆయన పక్కన నువ్వే ఉండావు. నీకు తెలిసే ఉంటాది. పాడె మోసినోళ్ళలో నేనూ ఉండాను గానీ, కడుపులో మంట ఆరలా."

నిజం నాలుక చివర నిలబడింది. మీ మామకి చెవులు పోయాయయ్యా, నీ పడవ మాటు మూలిగిందయ్యా, నీ ప్రాణం కోసం కోశాడయ్యా. అంతే కదా చెప్పవలసింది! మనిషే పోయాక ఒట్టుదేముంది? పైగా నా పేరూ కడుక్కోవచ్చు.

"పడవ ఎట్టుండాది?" అన్నాను, ఎలా మొదలుపెట్టాలో తెలియక.

"పడవకేం? మామ చేతి మాటన్నా అది. మొన్న గాలివాన్లో ఇంజను ఆగిపోయి కెరటం మీద కెరటం కొడతా ఉంటే, కూడా ఉన్నోళ్ళు ఏడ్చినారు. నేను మాటు మీద చెయ్యేసి కూర్చున్నా. మామ చెయ్యి ఒక్కనాడు తప్పలేదురా, ఊడదు అని చెప్పినా. తెల్లారి ఒడ్డుకొచ్చినాం. ఆయన మీద ఎంత కోపమున్నా అదొక్కటి అనను. మా పల్లెలో సగం పడవలకి ఉండే ధైర్యం అదే."

ఇంకేం చెప్పను? ఆయన పని మానుకుని, పలకరింపు పోగొట్టుకుని, వీణ్ణే పోగొట్టుకుని మిగిల్చింది ఆ ధైర్యం ఒక్కటే. దాన్నే సుత్తితో కొట్టి, ఇదిగో మూలుగుతోంది చూడమని చూపించనా?

"నా వల్లేనయ్యా," అన్నాను.

"ఏంది?"

"నాకు చేతగాలా. బాగుచేస్తా బాగుచేస్తా అని ఎండాకాలమంతా తిప్పుకున్నా. ఆమె పోయిన దిగుల్లో ఉన్న మనిషి, పాట కూడా లేకపాయె. మతి చెడింది. ఏం చేస్తున్నాడో తెలీకనే నీ పడవ కోసినాడు. తర్వాత నా దగ్గర ఏడ్చినాడు, నీ పేరు చెప్పుకోని. సిగ్గుపడి నీతో అనలేకపోయినాడు."

అతని కళ్ళు నిండాయి. తర్వాత బల్ల మీద గుద్దాడు. "చేతగాకపోతే అప్పుడే చెప్పుండొచ్చు గదన్నా! నీ మూలంగా ఇన్నేళ్ళు మామ మొహం చూడకుండా పోతినే!"

"అవునయ్యా," అన్నాను.

"ఉంచుకో. నీకే ఉండనీ, చూసినప్పుడల్లా సిగ్గొస్తాది." కళ్ళు తుడుచుకుంటూ రోడ్డెక్కాడు. నా మీద అంత కోపంతో పోతున్న మనిషి తన మామ మీద కోపం మాత్రం నా బల్ల మీదే వదిలిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషం కూడా వేసింది. ఆ రెండూ పంచుకునేందుకు మనిషి లేడు. ఇంతకాలం ఆయన ఎలా ఉన్నాడో అప్పుడు కొంచెం తెలిసింది.

స్పీకర్లు తగిలించి, పాటల పెన్‌డ్రైవు పెట్టి, సౌండు మెల్లగా పెంచాను. సగం దాటింది. పూర్తిగా తిప్పేశాను. బల్ల మీద మేకులు గెంతుతున్నాయి. స్పీకరు చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఒక పాట అయి ఇంకో పాట వచ్చింది. ఆగలేదు.

ఎదురుకొట్టు అక్క గుమ్మంలోకి వచ్చి రెండు చెవులూ మూసుకుంది. "తగ్గించన్నా సామీ!" అని అరిచింది. తర్వాత బల్ల మీదున్న తెల్లటి తొడుగు చూసి గుర్తుపట్టింది. "అది ఆ పడవల పెద్దాయన పెట్టె గదా? బాగయిపోయిందే!"

స్విచ్చి ఆపేశాను.

"యాడక్కా! చూడు, మళ్ళీ ఆగిపోయింది," అన్నాను.